ఇల్లు పెరుగుతోంది

ఇల్లు పెరుగుతోందని మొదట కనిపెట్టింది మాణిక్యమ్మ. అప్పటికే ఆవిడ నడుము వంగిపోయి, గడ్డం గుండెలకు ఆనుతోంది. "ఏంటో తులసీ, ఈ గోడలు పైపైకి పోతన్నయ్యే. నన్ను కిందకి నొక్కేస్తన్నయ్యి" అనేది కోడలితో. ఆ మాటకు ఇంటిల్లిపాదీ నవ్వేవాళ్లు. పటమటలో వాళ్లది పాత డాబా. రోడ్డు ఎత్తు పెంచినప్పుడల్లా అది పల్లంలోకి దిగడమే తప్ప పైకి లేచిన పాపాన పోలేదు. ముసలావిడకు చాదస్తం ముదిరిందని తీర్మానించేశారు. ఆ తీర్మానంలో అందరికన్నా ముందున్నది కోడలు రామతులసే.

ఆవిడ పోయిన ఏడాదికి ఇల్లు రామతులసికి కూడా పెరగడం మొదలుపెట్టింది.

మొదట అత్తగారి ఫోటో. పెద్దకర్మ నాడు దానికి దండ వేసింది తనే, కింద నిలబడి, స్టూలూ గీలూ లేకుండా. సంవత్సరీకం నాడు అదే దండ పట్టుకుని మునివేళ్ల మీద లేచినా ఫ్రేము పైఅంచు అందలేదు. "ఎవర్రా దీన్ని పైకి జరిపింది?" అని కేకలేసింది. ఎవరూ జరపలేదు. మేకు చుట్టూ సున్నం పెళ్ల కూడా రాలలేదు.

తర్వాత పెరటి తలుపు పైగడియ. ఆ తర్వాత పంచదార డబ్బా పెట్టుకునే పై అర. చీర కుచ్చిళ్లు నేలకు జీరాడి కాలికి అడ్డం పడుతున్నాయి. అన్నిటికన్నా ఆమె ప్రాణం ఝల్లుమన్నది అద్దం దగ్గర. కాపురానికి వచ్చిన కొత్తలో గోడకు బిగించిన అద్దం అది. ఒకప్పుడు అందులో మెడలో నల్లపూసలు కనిపించేవి. ఇప్పుడు గడ్డం దగ్గరే అద్దం అయిపోతోంది. ముఖం మునిగిపోతున్నట్టుంది. నలభై ఏడేళ్ల మనిషి, ఒంట్లో షుగరు లేదు, బీపీ లేదు, నడుం నొప్పి అంటారా, అది లేని ఆడది ఏ వీధిలో ఉంది? మరి దీనికి కారణం ఎవరు? నవ్వినందుకు అత్తగారు పగబట్టింది, అంతే.

సందె వేళ వంటింట్లో నిలబడితే నడినెత్తిన ఎవరో అరచెయ్యి ఆనించి మెల్లగా అదుముతున్నట్టుండేది. గబుక్కున తిరిగి చూస్తే ఎవరూ ఉండరు. గుమ్మానికి నిమ్మకాయలు కట్టింది. ఫోటో ముందు లెంపలేసుకుంది. కూతురికి ఫోన్లో ఏడుస్తూ చెప్పింది. భర్త లక్ష్మీకాంత్ మాత్రం విసుక్కున్నాడు. "బతికున్నన్నాళ్లూ మా అమ్మ నీ నెత్తిన చెయ్యి పెట్టి దీవించిందే గానీ ఒక్క మొట్టికాయ వేసిందా? పోయాక ఎందుకు నొక్కుద్దే నిన్ను?"

అదీ నిజమే. మాణిక్యమ్మ మంచి మనిషి. కథలో చిక్కంతా ఆ మంచితనంతోనే వచ్చింది.

ఆవిడ ఉయ్యూరు దగ్గర చెరకు తోటల్లో ఎండనకా వాననకా చాకిరీ చేసిన మనిషి. ముప్ఫయ్యేళ్లు దాటీదాటగానే నెలనెలా రక్తం ధారకట్టి మంచాన పడితే, ఎవరో డాక్టరు గర్భసంచీ గట్రా అన్నీ తీసేశాడు. లేచి తిరిగింది. అంతటితో ఆ బాధ తీరింది. అందుకే ఇరవై తొమ్మిదేళ్ల కోడలు అదే బాధతో మెలికలు తిరుగుతుంటే చూస్తూ ఊరుకోలేకపోయింది. "నాకేం కాలేదుగా, నువ్వూ తీయించేసుకో" అని చెయ్యి పట్టుకుని తీసుకెళ్లింది. నెల రోజులు మంచం దిగనివ్వకుండా పథ్యం వండిపెట్టింది. ఆపరేషనయ్యాక ఒళ్లంతా ఆవిర్లు వచ్చి చెమటలు పడుతుంటే, వేడి చేసిందని సబ్జా నీళ్లు తాగించి విసనకర్రతో విసిరింది. తల్లి కూడా అంత చెయ్యదు.

'నాకేం కాలేదుగా' అన్న మాటనే రామతులసి మూడేళ్ల కిందట, అదే బాధ పడుతున్న తన చెల్లెలు శ్రీదుర్గకు చెప్పింది. తనే దగ్గరుండి ఆపరేషను చేయించింది. అప్పటికి శ్రీదుర్గకు ముప్ఫయ్యారు. ఇప్పుడు అదే బాధతో కూతురు సింధూరి వంతు. సింధూరికి ఇరవై ఎనిమిది, ఒక బిడ్డ, హనుమాన్ జంక్షన్‌లో కాపురం. అక్కడి నర్సింగ్ హోమ్‌లో, అన్నీ కలిపి తీసేస్తే రేప్పొద్దున కాన్సర్ భయం కూడా ఉండదన్నారు. పిల్ల భయపడి తల్లికి ఫోన్ చేసింది. "నాకేం కాలేదుగా, పిన్నికేం కాలేదుగా" అంది రామతులసి. పిల్ల ఒప్పుకుంది. సాయానికి శ్రీదుర్గ ముందే వెళ్లింది.

ఆపరేషనుకు ముందురోజు, ఊరికి వెళ్లే హడావుడిలో బియ్యం డబ్బా ఇవతలికి లాగబోయింది రామతులసి. ఎక్కడో చిటుక్కుమంది. డబ్బా మూత అనుకుంది. మరుక్షణం వీపులో నిప్పుకణిక పెట్టినట్టయి అక్కడే చతికిలబడింది. "అత్తయ్య వచ్చేసింది, ఈసారి విరిచేసింది" అని అరుస్తుంటే లక్ష్మీకాంత్ ఆమెను కార్లో పడుకోబెట్టి ఆస్పత్రికి తీసుకెళ్లాడు.

డాక్టర్ అనఘ ఎక్స్‌రే చూసి, మళ్లీ రామతులసిని చూసింది. "వెన్నుపూసలు మూడు అణిగిపోయాయండీ. ఒకటి ఇవాళ్టిది. రెండు పాతవి, మీకు తెలియకుండానే విరిగాయి. ఈమధ్య పొట్టి అయినట్టు అనిపించిందా?"

"ఇల్లు పెరిగిందంటోందండీ" అన్నాడు లక్ష్మీకాంత్ సిగ్గుపడుతూ. డాక్టర్ నవ్వలేదు.

"గర్భసంచి ఆపరేషన్ అయిందా? ఓవరీస్, అదే అండాశయాలు, ఉంచారా?"

"అన్నీ తీసేశారమ్మా, శుభ్రంగా. నా ఇరవై తొమ్మిదో ఏట."

డాక్టర్ కుర్చీ దగ్గరికి లాక్కుని చెప్పింది. "ఎముకంటే రాయి కాదండీ. లోపల ఎప్పుడూ పని జరుగుతూనే ఉంటుంది. పాత ఎముకను తినేసే కణాలు కొన్ని, ఆ గుంటల్లో కొత్తది కట్టే కణాలు కొన్ని. తినేవాటిని రమ్మని కబురు పంపేదీ, ఇక చాలని ఆపేదీ చాలావరకు ఆ కట్టే కణాలే. ఆ రెండు కబుర్లకీ తూకం తప్పకుండా చూసేది ఓవరీస్‌లో తయారయ్యే ఈస్ట్రోజెన్ అనే హార్మోను. మీకది ఒక్కసారిగా ఆగిపోయింది. రమ్మనే కబురు ఎక్కువైంది, చాలనేది తక్కువైంది. అప్పట్నించీ తినేవి తింటూనే ఉన్నాయి, కట్టేవి వాటిని అందుకోలేకపోయాయి."

"ఇప్పుడు కూడానా?"

"ఇప్పుడు కూడా. మందులున్నాయి, ఇవాళే మొదలుపెడదాం. పోయిన పొడుగు రాదు గానీ, ఇంకా విరగకుండా చాలావరకు ఆపొచ్చు. ముందే తెలిసుంటే బాగుండేది."

రామతులసి చెయ్యి వెనక్కి పోనిచ్చి తన వెన్ను తడుముకుంది. ఇన్నాళ్లూ గోడల్లో వెతికింది దాన్ని. అది తనలోనే కాపురం ఉంది. అత్తగారినీ అలాగే తినేసింది. తను వంట చేస్తున్నా, నిద్రపోతున్నా, పేరంటాలకు తిరుగుతున్నా, చప్పుడు చెయ్యకుండా కొరుకుతూ కూర్చుంది. వెంటనే రేపటి సంగతి గుర్తొచ్చింది.

"మా అమ్మాయికి రేపు పొద్దున ఆపరేషనమ్మా. రక్తం ఎక్కువ పోతందని. అన్నీ తీసేస్తామన్నారు."

"స్కాన్‌లో ఇంకేమైనా కనిపించిందా?"

"ఏం లేదన్నారు. మందులు కూడా ఇంకా ఏం వాడలా."

"అయితే ఆపండి. ముందు మందులతో చూడాలి. ఒకవేళ గర్భసంచి తీయక తప్పకపోయినా, ఆ వయసులో బాగున్న ఓవరీస్ తీయించకూడదండీ."

కారెక్కగానే కూతురికి ఫోన్ చేసింది. సింధూరి మొత్తం విని పెద్దగా నిట్టూర్చింది. "అమ్మా, మొన్నటిదాకా నానమ్మ ఇల్లు పెంచేస్తోందన్నావ్. ఇవాళేమో ఎముకల్ని ఏవో తినేస్తున్నాయంటున్నావ్. నాకసలే భయంగా ఉంది. దయచేసి ఇంకా భయపెట్టకు." ఫోన్ పెట్టేసింది. మళ్లీ చేస్తే ఎత్తలేదు. కూతుర్ని తప్పుపట్టడానికి లేదు. నిమ్మకాయలు కట్టిన మనిషి ఏం చెప్పినా ఎవరు నమ్ముతారు?

తెల్లారగానే నడుముకు బెల్టు బిగించుకుని బయల్దేరింది. కదలకూడదని డాక్టర్ చెప్పిందని లక్ష్మీకాంత్ మొత్తుకున్నాడు. ఆమె వినకపోయేసరికి తనే కారు తీశాడు. దారిలో ప్రతి గతుకుకూ ఆమె పళ్లు బిగించుకుంది.

నర్సింగ్ హోమ్ మేడ మీది గదిలో సింధూరి ఆకుపచ్చ గౌను తొడుక్కుని మంచం అంచున కూర్చునుంది. వెనక శ్రీదుర్గ కూర్చుని, ఆపరేషన్ థియేటర్లోకి తీసుకెళ్లే ముందు వేసేటట్టు, రెండు జడలు అల్లుతోంది. ఒకటి అయింది, రెండోది సగంలో ఉంది. రామతులసి గుమ్మంలో ఆగిపోయింది. రాత్రంతా కూతురికి ఎలా చెప్పాలా అనే ఆలోచించింది గానీ, ఆ మాటలు చెల్లెలు కూడా వింటుందని ఆమెకు తట్టలేదు. శ్రీదుర్గను బయటకు పంపించి చెబుదామా అనిపించింది. అలా అనిపించినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"అమ్మా! ఏంటిలా అయిపోయావ్?" సింధూరి మంచం దిగి ఎదురొచ్చింది. ఎప్పుడూ తల్లికి సరిసమానంగా ఉండే పిల్ల అది. ఇప్పుడు ఎదురెదురుగా నిలబడితే తల్లి కళ్లు పిల్ల ముక్కు దగ్గరున్నాయి. సింధూరి తన వట్టి కాళ్ల వంక చూసుకుంది, తల్లి కాళ్ల చెప్పుల వంక చూసింది. ఫోన్లో నమ్మనిది అప్పుడు నమ్మింది.

"అన్నీ తీయించావంటే నీకూ ఇదే గతి. నా మాట విని వచ్చావుగా, ఇప్పుడూ నా మాటే విను. పద పోదాం. గర్భసంచి సంగతి ఆ డాక్టరమ్మను అడుగుదాం. ఆ ఓవరీస్ మాత్రం ముట్టుకోనివ్వకు" అంది రామతులసి. "నాకేం కాలేదని చెప్పాను కదా. అది అబద్ధం. అప్పట్నించీ అవుతూనే ఉంది, నాకు తెలీలేదు."

సింధూరి గౌను ముడి విప్పుకుంటూ బట్టలు మార్చుకోవడానికి పక్కకు వెళ్లింది.

శ్రీదుర్గ మంచం మీదే ఉండిపోయింది. ఆమె వేళ్లు ఇంకా జడ పాయలు పట్టుకున్నట్టే ఉన్నాయి. "అక్కా," అంది, "నాకూ అన్నీ తీసేశారు కదా?"

"తీసేశారే."

"నీకంటే నేను బాగానే ఉన్నాగా? మూడేళ్లేగా అయింది. నాకేం కాదుగా?"

ఏం కాదని చెప్పడం ఎంత తేలికో రామతులసికి బాగా తెలుసు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. చెల్లెలు దాని కోసమే నోరు తెరుచుకుని చూస్తోంది. మాణిక్యమ్మ అయితే ఎంతో ప్రేమగా చెప్పి ఉండేది.

"తెలీదే నాకు" అంది. "నిజంగా తెలీదు. రేపు నువ్వు కూడా నాతో రా, పరీక్ష చేయిద్దాం." చెప్పి చెల్లెలి చెయ్యి పట్టుకోబోయింది.

శ్రీదుర్గ విదిలించేసింది. సంచీ తీసుకుని ముందు నడిచింది. కిందికి దిగే మెట్ల దగ్గర మాత్రం ఆగిపోయింది. మెట్ల వంక చూసింది, వెనక్కి తిరిగి అక్క వంక చూసింది. తర్వాత తనే వచ్చి ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఇద్దరూ ఎక్కడ పడిపోతామోనని భయపడుతూ ఒక్కో మెట్టూ దిగసాగారు.