ఏడు నెలల ఖాళీ

మూడు అవార్డులు వచ్చాయన్న సంగతి ఆఫీసులో అందరికంటే ఆఖర్న తెలిసింది డిజైనర్‌కే. మొదట గుచ్చుకున్నది అదే.

సోమవారం ఉదయం ఆమె వచ్చేసరికి గది తలుపుకి కాగితపు పువ్వు అంటించి ఉంది. లోపల కామాగారు టీ కప్పు పట్టుకుని ముఖమంతా నవ్వుతో నిలబడి ఉంది. కామాగారంటే అక్కడ రాతపని చూసే ఆవిడ. ఎవరు ఏ కాగితం తెచ్చినా ముందు కామాలు సరిచేసి, ఆ తర్వాతే విషయం చదువుతుంది కాబట్టి ఆ పేరు పడింది. విశ్వవిద్యాలయంలో సరస్సుల మీద పరిశోధన చేసే విభాగం అది. శాస్త్రవేత్తలు నీళ్లు కొలిచి తెస్తే, ఆ లెక్కల్ని మామూలు మనుషులకి అర్థమయ్యే మాటల్లో పెట్టడం కామాగారి వంతు, బొమ్మల్లో పెట్టడం డిజైనర్ వంతు. తొమ్మిదేళ్లుగా ఇద్దరిదీ ఒకటే గది, ఎదురుబొదురు బల్లలు.

"మూడు కొట్టాం అమ్మాయ్! మన సరస్సు పుస్తకానికొకటి, పోస్టర్లకొకటి, నీ పెద్ద గ్రాఫుకైతే ఏకంగా మొదటి బహుమతి!"

"పోటీకి ఎవరు పంపారండీ?"

"నేనే. నీకు చెబితే వద్దంటావుగా, అందుకే చెప్పలేదు."

డిజైనర్ నవ్వింది, థాంక్సూ చెప్పింది. కుర్చీలో కూర్చున్నాక మాత్రం మనసులో పురుగు తొలచడం మొదలైంది. తను గీసిన బొమ్మని తనకి మాటైనా చెప్పకుండా పంపడమేంటి? చెప్పకుండా ఇంకేమేం చేశారో!

న్యాయనిర్ణేతల మెప్పుకోలుని పెద్ద అక్షరాల్లో అచ్చు తీసి నడవా గోడకి అంటించారు. "ఇరవై ఏళ్ల సరస్సు కథని ఒకే ఒక నీలిగీత చెప్పేసింది. ఎక్కడా తెగని ఆ గీతని చూస్తూ ఉండిపోవాలనిపించింది" అని ఉంది అందులో.

బుధవారం పడవ సారు వచ్చాడు. ఇరవై ఏళ్లుగా నెలనెలా పడవలో సరస్సు మధ్యకి వెళ్లి, నీళ్లలో ప్రాణవాయువు ఎంతుందో కొలిచే పెద్ద శాస్త్రవేత్త ఆయన. గోడ మీది కాగితం చదివి, కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని, తిన్నగా డిజైనర్ బల్ల దగ్గరికి వచ్చి పుస్తకం తెరిచాడు. కామాగారు అప్పుడు గదిలో లేదు.

"ఈ గీత ఎక్కడా తెగలేదేంటమ్మా?"

"ఎక్కడ తెగాలి సార్?"

"పధ్నాలుగో ఏడు. మీటరు పాడై ఏడు నెలలు కొలతల్లేవు. నేనిచ్చిన కాగితంలో అక్కడ ఖాళీ వదిలాను." ఆయన వేలు కాగితం మీద ఆగింది. "సరస్సు నిండా చేపలు చచ్చి తేలింది ఆ నెలల్లోనే. ఎందుకు తేలాయో ఇప్పటికీ తేలలేదు. నిన్న చేపలవాళ్ల సంఘం పెద్దావిడ ఫోన్ చేసింది. జలవనరుల ఆఫీసులో ఈ పుస్తకమే ఆవిడ ముందు పెట్టారట. 'ఇదిగో, ఆ ఏడాది నీళ్లు శుభ్రంగా ఉన్నాయి, దీనికి బహుమతి కూడా వచ్చింది, చేపల చావు మీద మీరిచ్చిన ఫిర్యాదు మూసేస్తున్నాం' అన్నారట. ఎవరు కలిపారు దీన్ని?"

"నేను కాదు సార్." ఆలోచించకముందే నోట్లోంచి వచ్చేసింది ఆ మాట.

ఆయన ఆమె ముఖంలోకి ఒక్క క్షణం చూసి, "కనుక్కో" అని వెళ్లిపోయాడు. ఆ చూపు ఆమెకి నచ్చలేదు.

ఆమె వెంటనే ఫైలు వెతికింది. పుస్తకం ఆఖరిసారి మార్చిన తేదీ చూసింది. ఆ రోజు తను ఆఫీసులోనే లేదు. అక్క కాన్పని రెండు రోజులు సెలవు పెట్టింది. ఫైలు తెరిచింది కామాగారి కంప్యూటర్ నుంచి.

ఇక అక్కణ్ణుంచి అన్నీ అతికినట్టు కుదిరిపోయాయి. నెల రోజులుగా కామాగారు ఫోన్ మోగగానే నడవాలోకి పరిగెత్తడం, డైరెక్టరు ఆవిణ్ణి ఒక్కదాన్నే పిలిచి తలుపు వేసుకోవడం, తను గదిలోకి వస్తే మాట మార్చడం. అవార్డు కోసమే గీత కలిపించారా? లేక ఆ ఫిర్యాదు మూయించాలని పైనుంచి ఎవరైనా చెప్పారా? డిజైనర్ తన కంప్యూటర్ తెరని పక్కకి తిప్పుకుంది. సొరుగుకి తాళం వేసుకుంది.

"ఏమైందే? నా మీదేమైనా కోపమా?" అంది కామాగారు.

"తలనొప్పండీ."

సాయంత్రం ఇంట్లో భర్త కూరలు తరుగుతూ ఉంటే పక్కన నిలబడి మొత్తం చెప్పింది. ఆయన ఆసుపత్రిలో రక్తపరీక్షలు చేస్తాడు.

"మా దగ్గరైతే శాంపిల్ రాకపోతే రాలేదనే రాస్తాం. ముందురోజుదీ తర్వాతిదీ చూసి మధ్యలో ఓ అంకె పడేస్తే ఉద్యోగం ఊడుతుంది" అన్నాడు. తరిగిన ముక్కలు గిన్నెలో వేస్తూ, "అవునూ, ముందు నీ పాత కాగితాలు చూసుకున్నావా?" అన్నాడు.

"అంటే నేనే చేశానంటారా?"

"నేనలా అన్నానా?"

"అనలేదు, అడిగారు. రెండూ ఒకటే." ఆ పూట ఇంక ఆయనతో మాట్లాడలేదు.

మర్నాడు డైరెక్టరు దగ్గరికి వెళ్లి గీత సంగతి చెప్పింది. ఆయన కుర్చీలో వెనక్కి వాలి ఆమెనే పరిశీలనగా చూశాడు. "శనివారం బహుమతుల సభ పెట్టుకుని ఇప్పుడెందుకమ్మా తవ్వుతున్నావ్? మీ ఇద్దరికీ ఏమైనా చెడిందా?" అని అడిగాడు. ఈయనకీ భాగముంది, అనుకుంది ఆమె బయటికొస్తూ.

మధ్యాహ్నం కామాగారు భోజనానికి కిందికి దిగింది. డిజైనర్ నడవా అటూ ఇటూ చూసి, తలుపు దగ్గరగా వేసి, ఆవిడ బీరువా తెరిచింది. పుస్తకం అచ్చుకి ముందు దిద్దుకున్న ప్రూఫులన్నీ కట్టలు కట్టి, తేదీలు రాసి ఉన్నాయి. గ్రాఫు ఉన్న కట్ట దొరికింది. ముడి విప్పింది.

గీత అప్పటికే కలిసిపోయి ఉంది. పక్కన కామాగారి పెన్సిల్ రాత: "ఇక్కడి ఖాళీ ఏమైంది? సారుని అడుగుదామా?" దాని కింద ఆకుపచ్చ సిరాతో జవాబు: "విరిగితే చూడ్డానికి బాగాలేదు. కలిపేశాను. అలాగే ఉండనివ్వండి." కింద పొడి సంతకం, తేదీ. సెలవు పెట్టడానికి పదిరోజుల ముందు తేదీ.

ఆకుపచ్చ సిరా ఆ ఆఫీసులో ఒక్కరే వాడతారు. ఆ సంతకం తనదే.

తలుపు చప్పుడైంది. కామాగారు గుమ్మంలో నిలబడి తెరిచిన బీరువానీ, ఆమె చేతిలో కాగితాన్నీ మార్చి మార్చి చూసింది.

"అడిగితే నేనే ఇచ్చేదాన్నిగా" అంది చివరికి.

"మరి నేను లేని రోజు ఫైలు ఎందుకు తెరిచారు?" అడిగింది గానీ డిజైనర్ గొంతులో పస లేదు.

"కామా కోసం. అరవై రెండో పేజీలో." ఆవిడ నవ్వలేదు. "ఫోన్లంటావా, పోటీవాళ్లు డైరెక్టరు పేరొక్కటే వేస్తామన్నారు. నీ పేరు లేకపోతే ఒప్పుకోనని వాళ్లతో, ఆయనతో నెల్లాళ్లు గొడవపడ్డాను."

డిజైనర్ మళ్లీ ఆ ఆకుపచ్చ సిరా వైపు చూసింది. గ్రాఫు గీసిన రోజు తొందర్లో, గీత మధ్యలో నోరు తెరిచినట్టున్న ఆ ఖాళీ కంటికి అడ్డొచ్చి, రెండు చుక్కల మధ్య వంపు తిప్పి కలిపేసింది. అర నిమిషం పని. ఇప్పటిదాకా గుర్తు కూడా లేదు.

"ఒకసారి అడిగాను. సారుని కనుక్కునే ఉంటావులే అని వదిలేశాను. నా తప్పు అంతవరకు" అంది కామాగారు, కట్టని తీసుకుని మళ్లీ ముడి వేస్తూ. "బీరువా సంగతి మాత్రం పూర్తిగా నీది."

క్షమించమని అడగడానికి కూడా ముఖం చెల్లలేదు ఆమెకి. ఆ మధ్యాహ్నమే పోటీ పెట్టినవాళ్లకి ఉత్తరం రాసింది. గ్రాఫు తప్పు, కలిపింది నేను, బహుమతి వెనక్కి తీసుకోండి, అని. డైరెక్టరు అరిచాడు, బతిమాలాడు, ఆఖరికి "కింద నీ సంతకం ఒక్కటే ఉండాలి" అన్నాడు. ఒక్కటే పెట్టింది. గ్రాఫు బహుమతి రద్దయింది, మిగతా రెండూ నిలిచాయి. శనివారం వాటిని అందుకోవడానికి కామాగారు ఒక్కతే వెళ్లింది.

డిజైనర్ ఆ రోజు కొత్తగా గీసిన గ్రాఫు పట్టుకుని, పడవ సారుతో కలిసి సరస్సు ఒడ్డున ఉన్న సంఘం షెడ్డుకి వెళ్లింది. పెద్దావిడ నేల మీద కూర్చుని వల కుడుతోంది. కాగితం అందుకోలేదు.

"మొన్నటిదీ మీరే గీశారా?"

"నేనేనమ్మా."

"మరి ఇది నిజమని ఎలా నమ్మను?"

పడవ సారు సంచిలోంచి నీటి మరకలు పడ్డ తన కొలతల పుస్తకాలు తీశాడు. పెద్దావిడ వల పక్కన పెట్టింది. ఆయన్ని ఒక్కో నెల కొలతా చదవమంది. డిజైనర్‌ని ఆ నెల చుక్క వేలితో చూపించమంది. రెండు గంటలు పట్టింది. ఎక్కడ కొంచెం తడబడ్డా, "మళ్లీ చదవండి" అంది. పధ్నాలుగో ఏడు దగ్గర గీత ఆగిపోయింది.

"ఇక్కడేం లేదా?"

"లేదమ్మా. అప్పుడు ఏం జరిగిందో మాకు తెలీదు."

"అయితే ఆ మాటే రాయండి. ఖాళీ చూపిస్తే వాళ్లకిష్టమొచ్చింది ఊహించుకుంటారు."

డిజైనర్ పెన్ను తీసి ఆ ఖాళీలో రాసింది, ఏడు నెలలు కొలతలు లేవని, అప్పుడు నీళ్లెలా ఉన్నాయో విశ్వవిద్యాలయానికి తెలియదని. కింద సంతకం పెట్టింది. పడవ సారూ పెట్టాడు.

పెద్దావిడ ఆ కాగితం మడిచి కొంగున కట్టుకుంది. "సోమవారం మీరూ నాతో రావాలి. కాగితాన్నొక్కదాన్నే పంపితే అక్కడ మళ్లీ ఏదో ఒకటి కలిపేస్తారు."

సోమవారం ముగ్గురూ జలవనరుల ఆఫీసుకి వెళ్లారు. అధికారి రెండు గ్రాఫుల్నీ పక్కపక్కన పెట్టుకుని, "ఏది నమ్మాలండీ మేము? రేపు మూడోది తెస్తారా?" అన్నాడు. డిజైనర్ తను చేసిన పనిని మొదటి నుంచి, ఏదీ దాచకుండా చెప్పింది. గంట తర్వాత ఆయన విసుక్కుంటూనే ఫిర్యాదుని మళ్లీ తెరుస్తున్నట్టు రాసిచ్చాడు.

పెద్దావిడ ఆ చీటీని అక్కడే నిలబడి, పెదాలు కదుపుతూ చదువుకుంది. తేదీ దగ్గర ఆగి, "నెల సరిగ్గా వెయ్యలేదు, దిద్దండి" అంటూ చీటీని తిరిగి ఆయన ముందు పెట్టింది.