వదిన జీతం పెరిగిన రోజు

సాయంత్రం దొడ్డిగోడకు పిడకలు కొడుతుంటే వదిన రేపల్లె బస్సు దిగి వచ్చింది. ఒంటి మీద గంజి పెట్టిన చీర. ఆ గంజి పెట్టింది నేనే.

"అత్తయ్యా, బళ్ళో జీతం పెంచారండి!" అంది గుమ్మంలోనే.

అమ్మ మొహం విచ్చుకుంది. "మా తల్లే! ఒసే సుగుణా, చేతులు కడుక్కుని వదినకి కాఫీ పెట్టు. పొద్దుననగా వెళ్ళింది."

వదినకంటే ముందు లేచింది నేను. ఆమెకు క్యారియర్ కట్టి, ఆమె పాపకు నీళ్ళు పోసి, రెండు గేదెల కింద పేడ తీసింది నేను. నాకెవరు పెంచుతారు? కావాలనే కాఫీలో పంచదార తగ్గించాను. వదిన తాగేసి "బాగుంది సుగుణా" అంది. ఇంకా కడుపు మండింది. అయినా లోపల ఒక ఆశ. ఎస్సెస్సెల్సీ పాసయ్యాక బాపట్ల టీచరు ట్రెయినింగుకు పంపమంటే, "వదిన బడికి పోతే ఇల్లెవరు చూస్తారే? దాని జీతం పెరగనీ, పనిమనిషిని పెట్టి నిన్ను పంపుతా" అన్నాడు ప్రకాశరావు అన్నయ్య.

రాత్రి అన్నాలు వడ్డిస్తూ అన్నయ్య నోటి వైపే చూశాను. ఉద్యోగంలో చేరినప్పటి నుంచి వదినకూ అతని పక్కనే పీట. నేనూ అమ్మా తర్వాత తింటాం.

"దుగ్గిరాలలో ముర్రాగేదె అమ్మకానికుందంట. వసుంధర జీతం పెరిగిందిగా, కొనేద్దాం" అన్నాడు అన్నయ్య.

"మూడోదాన్ని కూడా ఎవరు చూస్తార్రా?" అంది అమ్మ.

"సుగుణ ఉందిగా!"

జీతం ఆమెకు పెరిగింది. చాకిరీ నాకు పెరిగింది. వదినైనా ఒక్క మాట అంటుందనుకున్నాను. తలొంచుకుని మజ్జిగ పోసుకుంది.

అంట్లు తోముతుంటే పక్కన వచ్చి నిలబడింది.

"నీకైనా సంతోషంగా ఉందా వదినా?" అన్నాను ఉక్రోషంగా.

"హెడ్మాస్టారు చెప్పినప్పుడు ఉంది. బస్సులో కూడా ఉంది. ఇంటికొచ్చి చెప్పేశానుగా, ఇంకెక్కడిది" అంది.

"మరి గేదె వద్దని అనలేదేంటి?"

వదిన నేను కడిగిన గిన్నె అందుకుని గట్టు మీద బోర్లించింది.

మా ఇంట్లో కొత్త గొడ్డుకు పలుపుతాడు ఆడపిల్ల చేత్తో ఇవ్వాలి. అలా ఇస్తే కలిసొస్తుందంటారు. మర్నాడు పొద్దున్నే దుగ్గిరాల బయల్దేరుతూ అన్నయ్య చెయ్యి చాపాడు. "ఏదీ, ఇవ్వమ్మా."

"నేనివ్వనన్నయ్యా. ఆ గేదెకు నేను చెయ్యను. బాపట్ల వెళ్తాను" అన్నాను. నా గొంతు నాకే సరిగ్గా వినపడలేదు. వాళ్ళకు వినపడింది.

"దీని నోరు చూశావట్రా!" అంది అమ్మ.

బస్సు కోసం బయల్దేరిన వదిన మెట్టు మీద ఆగిపోయి నన్నే చూస్తోంది. ఆ చూపులో కోపం లేదు. అది కుళ్ళు. దాన్ని గుర్తుపట్టడానికి నాకు క్షణం పట్టలేదు.