దూది మూతలు

గంజి వార్చి, పప్పు పొయ్యి మీద పెట్టి, లిదియా ముక్కుకు కొంగు కట్టుకుని బియ్యం డబ్బా వెనుక నుంచి సీసాలు బయటికి తీసింది. లోపల బందరు తీరం నుంచి తెచ్చిన నల్లటి సముద్రపు బురద. కుళ్లిన గుడ్ల కంపు. అందులోని కంటికి కనపడని సూక్ష్మజీవులకు గాలి గిట్టదు. ఉప్పునీటిలో కరిగి ఉన్న గంధకంతోనే ఊపిరి తీసుకుంటాయి. అవి వదిలే ఆ కంపే, సముద్రం తన గంధకాన్ని తిరిగి లోకానికి ఇచ్చే దారుల్లో ఒకటి. సీసాను అంచుదాకా నింపి, బుడగైనా మిగలకుండా రబ్బరు బిరడా బిగించాలి. ఆరేళ్లుగా హన్మకొండలోని ఆ వంటింట్లో ఆ పని ఆమెదే.

ఎమ్మెస్సీలో ఆమెకు భర్త సుందర్ రావు కంటే ఎక్కువ మార్కులు. అయినా లెక్చరర్ ఆయనే, పీహెచ్‌డీ ఆయనదే. పెద్ద కూతురు కడుపున పడ్డప్పుడు, ఇద్దరూ కాలేజీకి పోతే ఇల్లెవరు చూస్తారన్నాడు. "సీసాలు ఇంటికే తెస్త, తీరికగ చూసుకో" అన్నాడు. తీరికట! ఇంటికి మోరీ కంపు తెచ్చిపెట్టిందని అత్త రోజూ సాధించేది. చర్చిలో పక్కవాళ్లు జరిగి కూర్చునేవారు. వాసన పట్టింది ఆమె చీరలకే, ఆయన చొక్కాలకు కాదు. ఏ నెలలో ఎంత వాయువు లేచిందో రాసిన పద్నాలుగు నోటుబుక్కులూ ఆమె చేతిరాతే.

ఎనభై నాలుగులో థీసిస్ టైపై వచ్చింది. తప్పులు దిద్దమని ఆయన ఆమెకే ఇచ్చాడు. మొదటి పేజీలో దేవునికి, గైడుకు, ప్రిన్సిపాల్‌కు, టైపిస్టుకు కృతజ్ఞతలు. అట్టడుగున, వేళకు వండిపెట్టిన భార్యకు. లిదియాకు ఒళ్లు మండిపోయింది. అయినా ఎర్ర సిరాతో కామాలు దిద్ది ఇచ్చేసింది.

వైవాకు నాలుగు రోజుల ముందు సుందర్ రావు సీసాలన్నీ బల్ల మీద పెట్టించాడు. వాల్తేరు నుంచి వచ్చే ఎగ్జామినర్ రాజేశ్వర్ రావు గారికి చూపించడానికి అందంగా ఉండాలని, బురదనీళ్లను గాజు గొట్టాల్లోకి సగం సగం వంపాడు. కాలేజీ ల్యాబులో మామూలు బ్యాక్టీరియాకు పెట్టినట్టే ముచ్చటగా దూది మూతలు పెట్టాడు. దూదిలోంచి గాలి హాయిగా లోపలికి పోతుంది. ఒక్క మాట చెబితే చాలు. ఆ మాట లిదియా నాలుక చివరిదాకా వచ్చింది. ఆయన టీ అడిగాడు. వెళ్లి టీ పెట్టుకొచ్చింది.

నాలుగో రోజుకు గొట్టాల్లో నలుపు విరిగి తుప్పు రంగు తేలింది. బతికున్న వాటిని చూపించేదాకా డిగ్రీ లేదని రాజేశ్వర్ రావు చెప్పేశాడు. ఎందుకు చచ్చాయని అడిగితే సుందర్ రావు థీసిస్ పేజీలు తిరగేశాడు.

మర్నాడు మధ్యాహ్నం ఆయన వంటింటి గడప దగ్గరికొచ్చి, ఎన్నడూ లేనంత మెత్తగా అడిగాడు. "లిదియా, ఎందుకట్లయింది? దూది పెట్టొద్దా?"

"పెట్టొద్దు."

"నువ్వు చూడలేదా?"

"చూసిన. మీరు పెడ్తాంటే పక్కన్నే నిలబడి చూసిన."

ఆయన, ఇంట్లో ఒక్క సీసా అయినా మిగిలిందా అని అడిగాడు.

"ఒకటి దాచిన. పొద్దున గెస్ట్ హౌజ్‌కు పోయి రాజేశ్వర్ రావు సారుకు ఇచ్చొచ్చిన," అంది లిదియా, ఆయన కళ్లలోకి చూస్తూ. "పద్నాలుగు నోటుబుక్కులు గూడ. నా పేరు మీద పీహెచ్‌డీకి దరఖాస్తు పెట్టమన్నడు."