పుట్టుమచ్చంత పులుపు

నేను ఒక మౌస్‌ని. తోకా, వీపు మీద రెండు మీటలూ ఉన్న ప్లాస్టిక్ ఎలుకని. ఏ దేశంలో పుట్టానో తెలియదు. నాకు బుద్ధి తెలిసేసరికి నరసరావుపేటలో ఒక కాలేజీ కంప్యూటర్ ల్యాబులో ఉన్నాను. పరీక్ష రాయడానికి వచ్చినవాళ్ళు నన్ను తాకి కళ్ళకద్దుకునేవాళ్ళు. వినాయకుడి వాహనం అనుకున్నారు కాబోలు! ఏడాదంతా పుస్తకం ముట్టనివాడికి నా వీపు నిమిరితే చదువొస్తుందా?

ఆ ఏడు ఒక ప్రైవేటు సంస్థ ఫార్మసీ సీట్లకు ప్రవేశ పరీక్ష పెట్టింది. నా ముందు హైమవతి కూర్చుంది. సత్తెనపల్లిలో ఒక మందుల షాపులో ఆరేళ్ళుగా పనిచేస్తోందట. వయసు దాటిపోతోంది, ఇదే ఆఖరి అవకాశమని పక్కమ్మాయితో చెప్పుకుంది.

అన్నీ చకచకా చేసుకొచ్చి ఒక ప్రశ్న దగ్గర ఆగిపోయింది. "ఒక పుట్టుమచ్చ బలమైన స్థావరాన్ని చల్లార్చుటకు ఎంత పులుపు కావలెను?" ఓరి మీ తెలివి తెల్లారా! రసాయనాలను కొలిచే మోల్ పుట్టుమచ్చ అయింది, బేస్ అనే క్షారం స్థావరం అయింది, ఆమ్లం పులుపయి కూర్చుంది. ఇంగ్లీషు ప్రశ్నను ఏ యంత్రానికో మేపి, అది కక్కిన తెలుగును కంటితోనైనా చూడని ఘనులు వీళ్ళు. వీళ్ళు ఇంకొకరి తెలివిని కొలుస్తారట!

హైమవతి చెయ్యెత్తి అడిగింది. ఇన్విజిలేటరు తనది లెక్కల సబ్జెక్టని, తప్పయినా మార్కు పోదు గనక ఏదో ఒకటి నొక్కెయ్యమని సలహా ఇచ్చాడు. ఆమె వేలు రెండుసార్లు నా మీట దాకా వచ్చి వెనక్కి వెళ్ళింది. చివరికి ఆ ప్రశ్న వదిలేసింది.

తర్వాత సంస్థ తప్పు ఒప్పుకుంది. ఎలా? ఏదో ఒక జవాబు నొక్కినవాళ్ళకు మాత్రమే మార్కు కలిపింది. ఆ ఒక్క మార్కు తేడాతోనే హైమవతికి సీటు పోయింది. అర్జీ పట్టుకుని ల్యాబుకు వస్తే ఆ ఇన్విజిలేటరే ఎదురయ్యాడు.

"నే చెప్పినప్పుడే నొక్కుంటే అయిపోయేదిగా తల్లీ!"

"చీటీలో మందు పేరు తెలీకపోతే డాక్టరుగారికి ఫోన్ చేస్తా సార్. ఏదో ఒకటి ఇచ్చి పంపను. అదే అలవాటైపోయింది," అందామె.

ఆయన గడియారం చూసుకుని, అర్జీ ఆఫీసులో ఇవ్వమన్నాడు.

ఇప్పుడు నా ఎడమ మీట పనిచేయడం లేదు. పాత వైర్లతో కలిపి ఒక అట్టపెట్టెలో పడేశారు. నాకు బాధ లేదు. ఆ రోజు పక్క బల్ల దగ్గర ఒక కుర్రాడు ఏ ప్రశ్నా చదవకుండా వరసగా మూడో జవాబే నొక్కుతూ పోయాడు. అదృష్టం కలిసొచ్చి, సంస్థ కలిపిన ఆ మార్కుతో వాడికి సీటొచ్చింది. నాలుగేళ్ళ తర్వాత మీకు జ్వరమొస్తే మాత్రలిచ్చేది వాడే.