నాలుగు గ్లాసులూ కృపారాణి నాలుకా

గరివిడి బాప్టిస్టు సంఘంలో ఒక అలవాటుంది. ప్రేమవిందు రోజున నాలుగువందల మంది బంతి కోసం ఎదురుచూస్తున్నా, పాస్టరుగారు స్వయంగా వంటపాక దాకా వచ్చి గడియారం చూసుకున్నా, కృపారాణి గరిటెతో రుచి చూసి "దించండి" అనేదాకా కూర డేగిసా పొయ్యి దిగదు.

ఆ గరిటె ఆమె అత్తగారిది. కొబ్బరిచిప్పకి వెదురుపుల్ల బిగించింది. ముప్ఫై ఏళ్ళు ఆవిడ చేతిలో తిరిగి, ఆవిడ పోయాక పెద్దకోడలి చేతికి వచ్చింది. చిన్నకోడలు పద్మకుమారి ఆ రోజే అడిగింది, "వయసు సూసి ఇచ్చారా, నాలిక సూసి ఇచ్చారా?" అని. పన్నెండేళ్ళయినా ఆ ప్రశ్నకి ఎవరూ జవాబు చెప్పలేదు. అది ఆ ఇంట్లోనే, రెండు వంటిళ్ళ మధ్య, పిల్లిలా తిరుగుతూ ఉంది.

ఆ ఏడు ఆగస్టు ముసురులో కృపారాణికి జలుబు చేసింది. మావగారు జ్ఞానానందంగారి తువ్వాళ్ళు ఉతికిన మర్నాడే పట్టుకుంది. మూడు రోజుల్లో ముక్కు కారడం తగ్గింది గానీ వాసన మాత్రం తిరిగి రాలేదు. ఇంగువ డబ్బాలో ముక్కు పెడితే గోడకి పెట్టినట్టే ఉంది. ఉప్పు, పులుపు, తీపి, చేదు తెలుస్తున్నాయి, వగరు తెలుస్తోంది, అక్కడితో సరి. సోంపు నమిలినా జీలకర్ర నమిలినా ఒకటే పొట్టు. నాలుక పేరు చెప్పుకుని ఇన్నాళ్ళూ బతికింది ముక్కేనని ఆమెకి ముప్ఫై ఎనిమిదో ఏట తెలిసింది. డిగ్రీలో మూడేళ్ళు బోటనీ చదివినా ఈ సంగతి ఎవరూ చెప్పలేదు.

ఆదివారం సంఘం వార్షికోత్సవం. మేకమాంసం కూర. ఉప్పూ కారం నాలుకే చెప్పేస్తుంది, ఆ భయం లేదు. మసాలా పచ్చివాసన పోయిందో లేదో చెప్పాల్సింది ముక్కు. ఆ ఒక్క మాట కోసమే కదా నాలుగువందల మంది ఆగేది! ఈ సంగతి బయటపడితే గరిటె చేయి మారుతుంది. ఒకసారి మారిన గరిటె వెనక్కి వచ్చినట్టు ఏ ఇంట్లోనూ వినలేదు.

అందుకని ఆమె ఎవరికీ చెప్పలేదు. కానీ గురువారం పొద్దున్న పొయ్యి మీద పాలు మాడిపోతుంటే, పక్కనే నిలబడి నిమ్మళంగా చిక్కుడుకాయలు ఈనెలు తీసుకుంటోంది. మాడువాసనకి అవతలి వంటింట్లోంచి పద్మకుమారి పరిగెత్తుకొచ్చి పొయ్యి కట్టేసింది. గిన్నె వంక చూసింది, అక్క ముక్కు వంక చూసింది, ఏమీ అనకుండా వెళ్ళిపోయింది. పద్మకుమారి ఏమీ అనలేదంటే చాలా అనుకుందన్నమాట.

శనివారం మధ్యాహ్నం పద్మకుమారి తమ్ముడు ఎలీషా విశాఖపట్నం నుంచి ఐసు పెట్టె మోసుకుంటూ దిగాడు. చల్లని పానీయాలు దుకాణాలకి సరఫరా చేసే కంపెనీలో అతని ఉద్యోగం. పెట్టెలోంచి నాలుగు సీసాలు తీసి, నడిమింట్లో వాలుకుర్చీలో కూర్చున్న జ్ఞానానందంగారి ముందు బల్ల మీద వరసగా పెట్టాడు. ముసలాయన కళ్ళజోడు సవరించుకుని ఒక్కో సీసా ఎత్తి, చుట్టూ అంటించిన అట్ట మీది ఇంగ్లీషంతా ఓపిగ్గా చదివాడు. ఫ్యాక్టరీ స్టోర్సులో ముప్ఫై ఏళ్ళు పెట్టెల మీది రాతలు చదివిన మనిషి.

"కోల్డ్ బ్రూ కాఫీ, పెద్దక్కా," అన్నాడు ఎలీషా కృపారాణితో. "మరిగించరు. కాఫీ గుండని సన్నీళ్ళల్లో పదారు గంటలు నానబెట్టి వడకడతారు."

"మరిగించకుండా కాఫీ ఏటి తమ్ముడూ? మెంతులు నానబోసుకున్నట్టు."

"పట్నాల్లో ఇప్పుడిదే తాగుతన్నారు. విజయనగరం నుంచి పలాస దాకా బేకరీల్లో పెట్టాలి. నాలుగు రకాలున్నాయి, ఒకటే పెట్టమన్నారు. ఏది మనోళ్ళ నోటికి ఎక్కుతాదో నువ్వు సెప్పాల."

"మా అక్క నాలిక కన్నా పెద్ద కోర్టుందేటిరా?" అంది పద్మకుమారి తేనె కారుస్తూ. "సీసాలు సూపించొద్దు. అట్ట సూసి రుచి సెప్పడం ఎవులైనా సెప్తారు. నాను లోపల గ్లాసుల్లో పోసి తెస్తాను. అక్క వాసన సూసి, తాగి, ఏది ఎలగుందో సెప్పాల. తప్పయితే..." కొంచెం ఆగింది. "తప్పయితే ఏటిలే, రేపు కూరకాడ నాను సాయం నిలబడతాను. అక్క మీద పేమతోనే అంటన్నాను."

ఆ చివరి మాట అంటున్నప్పుడు పద్మకుమారి కుడిచేయి వెళ్ళి ఎడమచేతి గాజుని ఒకసారి తిప్పింది. అది ఆమెకి తెలియదు. కృపారాణికి తెలుసు. కాపురానికి వచ్చిన మొదటి నెలలోనే, "సేపలపులుసు నాను ముట్టుకోలేదక్కా" అంటూ గాజు తిప్పింది. అప్పట్నుంచి ఏ ఏడూ ఆ గాజు తప్పు చెప్పలేదు.

"తే మరి," అంది కృపారాణి. వద్దంటే ఒప్పుకున్నట్టే. "మధ్యలో నోరు మార్చుకోడానికి గుప్పెడు మరమరాలు కూడా తే. మావయ్యా, మీరూ తాగాల. పెద్దోళ్ళు ఉండగా నానొక్కద్దాన్నే తీర్పు సెప్పడం బాగోదు."

"నన్నెందుకు లాగుతావమ్మా," అన్నాడు ఆయన దగ్గుతూ. అంటూనే కుర్చీ ముందుకి జరుపుకున్నాడు.

నంబరు చీటీలు అంటించిన గ్లాసులు వచ్చాయి. అందరికీ నాలుగేసి. పాలు లేవు, పంచదార లేదు. తుమ్మజిగురు కరిగించినట్టు నల్లగా ఉన్నాయి.

మొదటిది కృపారాణి గుక్కెడు తాగి, కళ్ళు మూసుకుంది. చేదు. "సేదుంది తమ్ముడూ. దిగి ఎల్లిపోయే సేదు కాదు. సుట్టమొచ్చినట్టు గొంతులో కూకుండిపోయింది. మనోళ్ళు రెండోసారి కొనరు."

ఎలీషా రాసుకున్నాడు.

రెండోది పులిసింది. వెనక నాలుక మీద వగరు. "పచ్చి ఉసిరికాయ కొరికినట్టుంది," అంది.

"బాగుందక్కా. వాసనో?" అంది పద్మకుమారి. సూది గుచ్చాల్సిన చోటే గుచ్చింది.

"అన్నీ నానే సెప్తే నువ్వెందుకే? నువ్వు సెప్పు, ఒప్పో తప్పో నాను సెప్తాను."

పద్మకుమారి గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని, "కాల్చిన బెల్లం వాసన," అంది. గాజు తిరిగింది.

"కాదు," అంది కృపారాణి.

పద్మకుమారి నవ్వు సగంలో ఆగింది. "మరేటి?"

"నీకు తెలుసు. తెలిసి అబద్ధమాడితే మళ్ళీ నన్నడుగుతావేటి? ఎలీషా, నువ్వు సూడు నాన్నా."

ఎలీషా గ్లాసులో ముక్కు దూర్చి, "నిజమే పెద్దక్కా, బెల్లం కాదు. వానకి తడిసిన గోనెసంచి," అన్నాడు.

"అదీ!" అంది ఆమె, ఆ మాట కోసమే ఇంతసేపూ ఆగినట్టు.

మూడో గ్లాసు చేతిలోకి తీసుకుంది గానీ తాగలేదు. వెలుతురుకి ఎత్తి చూసింది. మొదటి రెండు గ్లాసుల్లో పైన ఒక్క బుడగ లేదు, అడుగున సన్నటి మడ్డి పేరుకుంది. దీని అడుగు అద్దంలా ఉంది. పైన అంచు చుట్టూ సబ్బునురగలాంటి తెల్లని వలయం, దానికి అతుక్కుని రెండు మూడు కరగని గోధుమరంగు పలుకులు. ఈ నురగని ఆమె పన్నెండేళ్ళుగా రోజుకి రెండుసార్లు చూస్తోంది. ఇన్‌స్టెంట్ కాఫీ గుండని తొందరలో చల్లనీళ్ళలో కలిపితే వచ్చే నురగ అది.

ఒక గుక్క తాగింది, మర్యాదకి. గ్లాసు బల్ల మీద పెట్టింది.

"తమ్ముడూ, ఇది నీ పెట్టెలోంచి రాలేదు. మన గూట్లోంచి వచ్చింది."

"అదేటి పెద్దక్కా?"

"మన ఇన్‌స్టెంట్ కాఫీ. నీ మూడో సీసాకి మూత కూడా ఇప్పలేదు. ఎల్లి బియ్యం డబ్బా ఎనక సూడు."

పద్మకుమారి ఏది దాచినా బియ్యం డబ్బా వెనకే దాస్తుంది, కిందటేడు చేగోడీల దగ్గర్నుంచీ. ఎలీషా లోపలికి వెళ్ళాడు. మూత తియ్యని సీసా పట్టుకుని వచ్చి, అక్క వంక చూశాడు. "ఏటే ఇది! నా ఉద్యోగంతో ఆడుకుంటన్నావా?"

"సరదాకిరా," అంది పద్మకుమారి. మొహం మాత్రం ఉప్పెక్కువైన పులుసు తిన్నట్టుంది. గురువారం పాలు మాడిన సంగతి ఆమె నోటి చివరిదాకా వచ్చి వెనక్కి పోయింది. గూట్లో కాఫీనే పట్టేసిన మనిషికి వాసన తెలీదంటే ఎవరు నమ్ముతారు?

"ఇంతకీ మూడోది?" అన్నాడు ఎలీషా సీసా మూత విప్పి పోస్తూ. ఆమె తాగి, "ఇదీ మొదటిదానికి చెల్లెలే," అంది. నిజంగానే అంతే చేదు.

నాలుగో గ్లాసు దగ్గర అసలు కష్టం వచ్చింది. చేదు తక్కువ, పులుపు తక్కువ, అడుగున కొంచెం తీపి. ఇంకేదో ఉంది దీనిలో, లేకపోతే ఎలీషా అంత ఆశగా ముందుకి వంగడు. ఆ ఇంకేదో ఆమె ముక్కు గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. పద్మకుమారి చేతులు కట్టుకుని కూర్చుంది, గాజు కనపడకుండా.

కృపారాణి మావగారి వంక చూసింది. ఆయన గుటకేశాడు. ఎడమ కనుబొమ్మ మెల్లగా పైకి లేచింది. మంచి రుచి తగిలితే ఆ కనుబొమ్మ లేవడం ఆమె ఎన్నో పండగల్లో చూసింది.

"దీని సంగతి మీరే సెప్పండి మావయ్యా. ఇంత మంచిదానికి తీర్పు పెద్దల నోట వస్తేనే అందం."

జ్ఞానానందంగారు పైకండువాతో మూతి తుడుచుకుని, "బత్తాయి తొక్క," అన్నాడు.

"బత్తాయి తొక్కే," అంది ఆమె వెంటనే. "ఇదే పెట్టించు తమ్ముడూ. ఎండలో వచ్చినోడికి ఇదొక్కటే దిగుద్ది."

"సీసా అట్ట మీద అచ్చం అదే రాసున్నాది!" అని ఎలీషా లేచి నిలబడ్డాడు. "మా కంపెనీలో కోటేసుకున్నోళ్ళకి కూడా ఇది దొరకలేదు పెద్దక్కా!"

ఆ రాత్రి కృపారాణి ఇంగువ డబ్బా మళ్ళీ తీసి చూసింది. గోడే.

ఆదివారం ఆరాధన అవుతుండగా వంటపాకలో కూర కుతకుతలాడుతోంది. వంటమేస్త్రి సోములు తెడ్డు పక్కన పెట్టి, "అమ్మగోరూ, మీదే ఆలీసం," అన్నాడు. ఆమె గరిటెతో ఇంత పులుసు తీసి నాలుక మీద వేసుకుంది. ఉప్పు సరిపోయింది. కారం సరిపోయింది. ముక్క మెత్తబడింది. పచ్చివాసన మాటేమిటి? అది కళ్ళకి కనపడదు, దానికి నురగా లేదు. మావగారేమో చర్చిలో ముందు బల్ల మీద ఉన్నారు.

గుమ్మం పక్కన పద్మకుమారి కొత్త నీలం చీర కట్టుకుని నిలబడి ఉంది. కృపారాణి ఒక్క క్షణం ఆలోచించింది. తర్వాత పన్నెండేళ్ళలో ఎప్పుడూ చెయ్యని పని చేసింది.

"పద్మా, ఇలగ రా. సాయం నిలబడతానన్నావు కదా." గరిటె అందించింది. "సూసి సెప్పు."

వంటపాకలో వాళ్ళందరూ ఇటు తిరిగారు. పద్మకుమారి గరిటెని రెండు చేతులతో అందుకుంది. కూర తీసి, ముక్కు దగ్గర పెట్టుకుని, నెమ్మదిగా రుచి చూసింది. ఆమె కళ్ళల్లోకి ఏదో వచ్చి పోయింది. గరిటె సోములు చేతికిచ్చి, "అయిపోనాది, దింపేయండి," అంది.

కుడిచేయి వెళ్ళి గాజు తిప్పింది.

"సోములూ, దించకు," అంది కృపారాణి. "ఇంకో పావుగంట. మసాలా ఇంకా పచ్చిగా ఉన్నాది."

సోములు తనూ వాసన చూసి, నాలుక కరుచుకుని, పొయ్యిలో ఇంకో కర్ర తోశాడు. పద్మకుమారి మొహం ఎర్రబడింది. పావుగంట అయ్యాక గరిటె మళ్ళీ ఆమె చేతికే వచ్చింది. ఈసారి చాలాసేపు చూసింది. "ఇప్పుడు అయిపోనాదక్కా," అంది మెల్లగా. రెండు చేతులూ కదల్లేదు.

"దించండి," అంది కృపారాణి.

గరిటె కడుగుతుంటే పద్మకుమారి పక్కకి వచ్చి నిలబడింది. "ఒక్క మాట అడుగుతాను, నిజం సెప్పు. నీకు నిజంగా వాసన తెలుస్తన్నాదా?"

"తెలీకపోతే నీ అబద్ధాలన్నీ ఎలగ పట్టుకుంటానే?" అంది కృపారాణి. "వచ్చే ఏడు నుంచి కూరకాడ ఇద్దరం నిలబడదాం. ముందు నువ్వు సూడు, తరవాత నాను." పద్మకుమారి తడి గరిటెని తన కొత్త చీర కొంగుతో తుడిచింది.

బంతిలో మావగారికి కృపారాణే వడ్డించింది. చుట్టూ అందరూ కూర అదిరిందంటున్నారు. "మీకెలాగున్నాది మావయ్యా?"

"నన్నడుగుతావేటమ్మా?" ఆయన అన్నం కలుపుతూ, తల ఎత్తకుండా అన్నాడు. "నీకా జలుబు అంటించింది ఎవులనుకున్నావు? పది రోజులై నాకు బొగ్గైనా బూరైనా ఒకటే."

ఆమె చేతిలో కూర గిన్నె వంగింది. "మరి బత్తాయి తొక్క?"

"సీసా మీద సదివినాను కదా. నా కుర్సీ చిన్నకోడలి వంటింటికి ఎదురుగానే ఉంటాది. ఏ సీసా ఏ గ్లాసులో పోసిందో సూస్తనే ఉన్నాను."

"ఆ కనుబొమ్మ?"

"నువ్వు నా మొకంలోకే సూస్తంటివి. లేపకపోతే బాగుండదని లేపినాను." ఆయన ఆకులో చోటు చేసి చూపించాడు. "ఇంకో రెండు ముక్కలెయ్యి. మెత్తగా ఉన్నాయిలే, అది పళ్ళకి తెలుస్తాది."