స్కేలుకు లొంగని గీత

తల్లి మళ్ళీ స్కేలు పెట్టి తిన్నటి గీత గీసింది. పశువుల ఆసుపత్రిలో సహాయకురాలైన ఆమెకు కాంపౌండరు పదవి రావాలంటే సైన్సు పరీక్ష గట్టెక్కాలి. కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే కూతురు, నేర్పుతానని మాటిచ్చి నాలుక కరుచుకుంది.

“స్కేలు తియ్యమ్మా! పీడనానికీ ఘనపరిమాణానికీ వంపు గీత వస్తుందని ఎన్నిసార్లు చెప్పాలి?”

“తిన్నగా ఉంటే చూడ్డానికి బాగుంటుంది కదే.”

“బాగుండటానికి ఇదేమన్నా దిండు గలీబు మీద కుట్టా? చూడు, నీ గీత కింది అక్షాన్ని తాకింది. అంటే గాలి నింపిన డబ్బా ఇంత పెద్దదయ్యేసరికి లోపల పీడనం సున్నా. మరి గాలి ఏమైనట్టు?”

“బయటికి పోయుంటుంది.”

“మూత బిగించే ఉందమ్మా!”

ఎంత అల్లరి పిల్లలకైనా ఓపిగ్గా చెప్పే కూతురికి తల్లి ముందు గొంతు దానంతటదే లేస్తోంది. తల్లి పుస్తకం మూసేసింది.

“నువ్వు అరిస్తే గీత వంగదు. నేనీ పరీక్ష రాయను. ఆ పశువులే నయం, కసురుకోవు.”

కూతురికి చివుక్కుమంది. లేచి, తల్లి డ్యూటీ సంచిలోంచి సూది లేని కొత్త సిరంజి తీసి, సగం దాకా గాలి లాగి, మొనను బొటనవేలితో మూసింది.

“నెమ్మదిగా నొక్కు.”

తల్లి మొహం తిప్పుకునే నొక్కింది. “ముందు తేలిగ్గానే పోయింది. పోనుపోను మొరాయిస్తోంది.”

“సమంగా పెరిగిందా బరువు?”

“లేదే, చివర్లో అమాంతం…” మాట మధ్యలో ఆపి, తల్లి పెన్సిలు అందుకుంది. ఎడమవైపు నిటారుగా మొదలై, కుడివైపు వాలుతూ, అక్షాన్ని తాకకుండా సాగే గీత గీసింది.

ఈసారి కూతురు సిరంజి నిండా గాలి లాగింది. తల్లి ఎంత నొక్కినా, దాని మీద మొదటిసారి చేరిన అంకె దాకా వెళ్ళలేదు.

“అదే చోటుకి అణువులు రెట్టింపు మరి,” అంది కూతురు.

“అయితే దీని గీత పైన ఉండాలి.” తల్లి రెండో వంపు గీసింది.

“భేష్! చోటు మార్చకుండా అణువులు పెంచుకుంటూ పోతే పీడనం గీత ఎలా ఉంటుంది?”

“అదీ వంపే!”

“అది తిన్నటిదమ్మా! అణువులు రెట్టింపైతే పీడనమూ రెట్టింపే!”

“ఏదో ఒకటి తేల్చి చావవే!”

ఆ సాయంత్రమంతా ఇద్దరూ అరుచుకుంటూనే గీశారు. పరీక్షలో రెండు గ్రాఫులూ వచ్చాయి, తల్లి రెండూ సరిగ్గా గీసింది. అత్తెసరు మార్కులతోనే అయినా గట్టెక్కింది.

“మార్కులెక్కడ పోయాయమ్మా?”

“అక్షాలకి పేర్లు రాయలేదట.”

“రాయలేదా? ఎందుకు?”

“ఏది ఏదో నాకు తెలుసు కదే!” అంది తల్లి, విసుగ్గా.