నెట్టు, లాగు, తిప్పు

డ్రైవింగ్ నేర్పే టీచరమ్మకి ఆ శుక్రవారం లేస్తూనే ఒంట్లో ఓపిక లేదు. ముందు రోజు తొమ్మిది మంది క్లచ్ తొక్కడం నేర్చుకున్నారు. ఆ తొమ్మిది మంది తొక్కుడూ ఆవిడ నడుములోనే ఉండిపోయింది. పందొమ్మిదేళ్లుగా ఒకటే కారు, ఒకటే స్కూలు, ఆ స్కూలుకి ఒక్కతే టీచరు. సెలవు పెడదామన్నా చీటీ ఎవరికి ఇవ్వాలో తెలియని ఉద్యోగం అది.

అయినా ఆ రోజు సెలవు మాట తలపెట్టడానికి వీల్లేదు. పదకొండు గంటలకి అక్కకి టెస్టు.

అక్కకి యాభై మూడేళ్లు. ఇరవై ఆరేళ్లపాటు ఒక కుట్టు కార్ఖానాలో చొక్కాలకి కాలర్లు కుట్టింది. కార్ఖానా మూతపడ్డాక రెండేళ్లుగా చెల్లెలి ఇంట్లో ముందుగదిలో సోఫా మీద పడుకుంటోంది. వచ్చేపోయే స్టూడెంట్లంతా ఆ సోఫాలోనే కూర్చుంటారు కాబట్టి పొద్దున ఆరింటికల్లా దుప్పటి మడిచి తను అక్కడ లేనట్టే సర్దేస్తుంది. ఆ మడత చూసినప్పుడల్లా టీచరమ్మకి ప్రాణం ఉసూరుమంటుంది. ఇప్పుడు ఆసుపత్రుల దుప్పట్లు ఉతికే లాండ్రీ వాళ్లు వ్యాన్ నడపడానికి మనిషి కావాలన్నారు. సోమవారం లైసెన్సు చూపిస్తే ఉద్యోగం అక్కది. చూపించకపోతే వెనకాల ఇంకొకడు సిద్ధంగా ఉన్నాడు. ఇంతకుముందు ఒకసారి టెస్టుకి వెళ్లి, రివర్సులో డబ్బా పడగొట్టి వచ్చింది. ఇవాళ కూడా తప్పితే మూడు వారాలదాకా మళ్లీ తేదీ దొరకదు.

ఎనిమిదింటికి ఒక్కసారి చివరగా తిప్పి చూద్దామని ఇద్దరూ కారెక్కారు. అక్క కీ పెట్టింది. స్టీరింగ్ కొంచెం ఎడమకి నెట్టింది, కీని వెంట్రుకవాసి వెనక్కి లాగింది, తిప్పింది. తిరగలేదు. మళ్లీ నెట్టి, లాగి, తిప్పింది. గోడలో దిగిన మేకులా కీ అలాగే ఉంది.

"జరుగు, నేను చూస్తా," అంది టీచరమ్మ. ఆ తాళం సంగతి ఆవిడకి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. తొమ్మిదేళ్ల కిందట అది మొదటిసారి మొరాయించినప్పుడు బాగుచేయించడానికి తీరిక దొరక్క, ఈ కిటుకు తనే కనిపెట్టింది. అప్పటినుంచి స్కూల్లో చేరిన ప్రతివాళ్లకీ మొదటి పాఠం అదే. నెట్టు, లాగు, తిప్పు. పిల్లలకి అక్షరాలు దిద్దించినట్టు దిద్దించేది. కానీ ఆ రోజు కిటుకు కనిపెట్టిన చేతికి కూడా తాళం లొంగలేదు.

"మూలిగే నక్క మీద తాటిపండు పడ్డమంటే ఇదే," అంది అక్క.

"నువ్వు సామెతలు చెప్పకు, నాకసలే కాళ్లూ చేతులూ ఆడట్లేదు," అంటూ టీచరమ్మ తాళాలాయనకి ఫోన్ చేసింది.

వేరే కారు అడగడానికీ లేదు. నేర్చుకునేవాళ్లు టెస్టుకి తమ స్కూలు కారులోనే రావాలి, అందులో టీచరు పక్క కూడా బ్రేకు ఉండాలి. ఈవిడకి ఉన్నది ఇదొక్కటే.

తాళాలాయన ముప్పావుగంటకి స్కూటర్ మీద వచ్చాడు. అరవై దాటిన మనిషి. మోకాళ్లు పట్టేసి, కారు సీట్లోకి దిగడానికి ఆయన పడే అవస్థ చూస్తే ముందు ఆయన్నే ఎవరైనా బాగుచేయాలనిపిస్తుంది. కళ్లజోడు పెట్టుకుని తాళం కన్నంలోకి చిన్న లైటు వేసి చూశాడు. వాసన కూడా చూశాడు.

"ఏమేం పోశారమ్మా ఇందులో?"

"పెన్సిల్ పొడి వేశాను బాబాయ్, ఆరు నెలల కిందట. మీరే ఒకసారి చెప్పారు," అంది టీచరమ్మ.

"అది మంచిదే. ఇంకా?"

ఇంకేమీ లేదని టీచరమ్మ అనబోతుంటే అక్క గొంతు సవరించుకుంది. "పోయిన నెల కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క వేశా. గట్టిగా ఉందని. మిషన్లో ఏది పట్టేసినా నేను అదే వేసేదాన్ని."

"ఒక్క చుక్కేనా?"

"చిన్న సీసాడు."

తాళాలాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "విడివిడిగా రెండూ మందులే. కలిస్తే తారు. మీరిద్దరూ కలిసి లోపల రోడ్డేశారు."

టీచరమ్మ అక్క వైపు చూసింది. అక్క కారు అద్దంలోంచి ఎదురింటి గోడ చూస్తూ కూర్చుంది. తిట్టడానికి కూడా టీచరమ్మకి ఓపిక లేకపోయింది.

ఆయన ముందు స్టీరింగ్ కింది ప్లాస్టిక్ డొప్ప ఊడదీశాడు. తాళం లోపలికి మురికి వదిలే మందు కొట్టి, కీ పెట్టి, చిన్న చెక్క సుత్తితో కీ తల మీద నిదానంగా కొట్టడం మొదలుపెట్టాడు. ఒక చేత్తో కొడుతూ రెండో చేత్తో కీని అటూ ఇటూ వత్తుతున్నాడు, కానీ బలం పెట్టడం లేదు. "బలం పెడితే కీ విరుగుతుంది. విరిగితే ఇవాళ్టి పని ఎల్లుండికి పోతుంది," అన్నాడు. అలా ఇరవై నిమిషాలు. టీచరమ్మ గడియారం చూడకూడదనుకుంటూనే నాలుగుసార్లు చూసింది.

తొమ్మిదీ ఇరవైకి ఏదో సడలి కీ ఒక్క గంటు తిరిగింది. ఆ గంటు దగ్గర దాన్ని ఆపి, పక్క కన్నంలో సన్నటి ఇనపచువ్వతో మేకు నొక్కి, తాళం గొట్టాన్ని మొత్తంగా బయటికి లాగాడు. బొటనవేలంత ఉంది అది. ఇన్నాళ్లూ ఇంతమందిని ఏడిపించింది ఇదా అనుకుంది టీచరమ్మ. గుడ్డ మీద పెట్టి తుడుస్తుంటే నల్లటి జిగురు వచ్చింది. లోపలున్న ఇత్తడి బిళ్లలు ఒక్కొక్కటే తీసి వరసగా పేర్చాడు. ఒక బిళ్ల వంగిపోయింది, మూడు అరిగిపోయాయి.

"ఇవి అరిగి పదేళ్లయి ఉంటుంది. ఎలా నడిపారమ్మా?"

"కొంచెం వెనక్కి లాగి తిప్పితే తిరిగేది."

తాళాలాయన చేతిలో పని ఆపేశాడు. "అయితే వాళ్లంతా మీ దగ్గర నేర్చుకున్నవాళ్లా?"

"ఎవరు?"

"ఏడాదికి ఐదారుగురు వస్తారమ్మా నా దగ్గరికి. కొత్త కార్లు. తాళం తిరగట్లేదు, కీ ఊడి చేతికొస్తోంది అంటారు. నేను తిప్పితే ఇట్టే తిరుగుతుంది. మీరు తిప్పండి అంటాను. స్టీరింగ్ నెడతారు, కీ వెనక్కి లాగుతారు. అది ఎక్కడి అలవాటో నాకు అర్థమయ్యేది కాదు. తాళానికేం రోగం లేదు, మీ చేతికే ఉంది, పొమ్మనేవాణ్ణి." ఆయన ఎగతాళికి అనలేదు. అందుకే అది టీచరమ్మకి ఇంకా సూటిగా తగిలింది. తొమ్మిదేళ్లు, ఏడాదికి వంద మంది. తన దగ్గర నేర్చుకున్నవాళ్లు నిదానంగా నడుపుతారని, హారన్ ఊరికే కొట్టరని గొప్పగా చెప్పుకునేది. ఊళ్లోవాళ్లు వాళ్లని గుర్తుపట్టేది మాత్రం ఈ వంకర తిప్పుడుతో అన్నమాట. ఆవిడకి నిజంగా సిగ్గేసింది.

పెట్టెలోంచి కొత్త బిళ్లలు తీసి వేసి, గొట్టం మీదున్న నంబరు చూసి, స్కూటర్ డిక్కీలోని చిన్న మిషన్ మీద కొత్త కీ కోసి, అంతా బిగించేసరికి పదీ పావు అయింది. ఆయన కీ పెట్టి రెండువేళ్లతో తిప్పాడు. ఇంజను వెంటనే అందుకుంది. కారు కొన్ననాటి చప్పుడది. టీచరమ్మకి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంజను ఆపించి, అక్కని కూర్చోమంది.

అక్క కూర్చుంది. నెట్టింది, లాగింది, తిప్పింది. కీ కదల్లేదు. కంగారుగా ఇంకొంచెం లాగింది. కీ ఊడి చేతిలోకి వచ్చింది.

"లాగకు. పెట్టి తిప్పడమే," అంది టీచరమ్మ.

"లాగట్లేదే." మళ్లీ లాగింది. ఎనిమిది నెలలు రోజూ పొద్దునా సాయంత్రం దిద్దిన చెయ్యి అది. చెప్తే వింటోంది, తీరా తిప్పే క్షణంలో తన దారిన తను పోతోంది. పదిసార్లలో ఆరుసార్లు ఊడివచ్చింది. ఇలా చూడు అంటూ టీచరమ్మ వంగి తను తిప్పబోయింది. ఆవిడ చేతిలోకి కూడా ఊడివచ్చింది.

"కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందట," అని గొణిగింది అక్క.

టెస్టులో మూడుసార్లలోపు ఇంజను ఎత్తుకోకపోతే అక్కడితో సరి, దిగిపొమ్మంటారు. టీచరమ్మ తాళాలాయన దగ్గరికి వెళ్లి, అక్కకి వినపడకూడదని గొంతు తగ్గించింది. "బాబాయ్, ఆ పాత బిళ్లలే మళ్లీ వేసేయండి. ఇవాళ్టికి."

"ముప్పై ఏళ్లలో బాగుచేసిన తాళం పాడుచేయమని అడిగింది మీరొక్కరేనమ్మా."

"తెలుసు. అక్క చెయ్యి దానికే అలవాటు పడింది."

ఆయన గుడ్డ మీది బిళ్లల వైపు చూశాడు. "వేస్తాను. తిరగొచ్చు, తిరక్కపోవచ్చు. వంగిన బిళ్ల దారిలో మళ్లీ పట్టేసిందనుకోండి, టెస్టు దాకా కూడా వెళ్లరు. మీ ఇష్టం."

"వద్దండీ," అంది అక్క. ఆవిడ ఎప్పుడు దిగివచ్చి వెనకాల నిలబడిందో ఇద్దరూ చూడలేదు. "పాడైపోయినవాటితో సర్దుకోవడం నాకు బాగా వచ్చు. కార్ఖానాలో నా మిషను అంతే, మా ఆయన అంతే, పడుకునే సోఫా అంతే. ఒక స్ప్రింగు పైకి లేచింది, అది గుచ్చుకోకుండా ఒకవైపే తిరిగి పడుకోవాలి. ఇది మంచిది కదా, దీంతో ఒక్కరోజు సర్దుకోలేనా?"

సోఫాలో స్ప్రింగు పైకి లేచిందని టీచరమ్మకి అప్పటిదాకా తెలియదు. రెండేళ్లలో అక్క ఆ మాట అనలేదు, తను అడగలేదు. టైము పదిన్నర అయింది.

టెస్టు మైదానం చుట్టూ తీగల కంచె ఉంది. టీచర్లు లోపలికి రాకూడదు. టీచరమ్మ కంచె పట్టుకుని నిలబడింది. కారులో అక్క పక్కన టెస్టు ఆఫీసరు అట్ట మీద కాగితం పెట్టుకుని కూర్చున్నాడు. ఆయన తల ఊపాడు. అక్క భుజం కదిలింది. చప్పుడు లేదు. ఒకటి.

అక్క భుజం మళ్లీ కదిలింది. చప్పుడు లేదు. ఆఫీసరు కాగితం మీద ఏదో రాశాడు. రెండు.

అక్క తప్పితే ఆ తప్పు అక్కది కాదు. తీరిక లేదని తాళం బాగుచేయించకుండా, ఆ తీరిక లేకపోవడాన్నే పాఠంగా చెప్పిన తనది. సోమవారం పొద్దున అక్క మళ్లీ దుప్పటి మడుస్తుంది, ఒక్క మాట కూడా అనదు. ఆ అనకపోవడాన్ని మాత్రం తను ఇక భరించలేదు.

లోపల అక్క రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కాసేపు ఊరికే కూర్చుంది. తర్వాత ఒంగింది, స్టీరింగ్ మీదికి వాలిపోయినట్టే ఒంగింది. ఏడుస్తోందేమో అనుకుంది టీచరమ్మ. అప్పుడు ఇంజను అందుకుంది.

ఆ తర్వాత పావుగంట కారు నిదానంగా తిరిగింది. ఎత్తు మీద ఆగింది, వెనక్కి జారలేదు. రివర్సులో డబ్బాల మధ్యకి వెళ్లింది. డబ్బాలన్నీ నిలబడే ఉన్నాయి.

అక్క చేతిలో కాగితంతో గేటు దగ్గరికి కారు తెచ్చి ఆపింది. "పాసు," అంది, పెద్ద విశేషమేమీ కానట్టు. టీచరమ్మ పక్క సీట్లో కూర్చుని కాగితం రెండుసార్లు చదివింది. మూడోసారి చదవబోతే అక్షరాలు అలుక్కుపోయాయి.

"మూడోసారి ఎలా తిప్పావే?" అని అడిగింది ముక్కు తుడుచుకుంటూ.

"ఎడమ చేత్తో. కుడి చేతికి నువ్వు నేర్పావు కదా, అది వినదు. ఎడమ చేతికి ఎవరూ ఏమీ నేర్పలేదు. పెట్టు, తిప్పు అన్నాను, తిప్పింది."

టీచరమ్మకి ఆ మాట గుచ్చుకుంది. గుచ్చుకున్నా నవ్వొచ్చింది. నవ్వుతుంటే నడుము నొప్పి పుట్టింది. "నవ్వించకే, నా వల్ల కాదు," అంటూనే చాలాసేపు నవ్వింది. అక్క మాత్రం నవ్వకుండా గేరు వేసింది.

"సోఫా సంగతి చెప్పొచ్చు కదా," అంది టీచరమ్మ కాస్త తేరుకుని.

"చెప్తే నీ మంచం ఇస్తానంటావు. ఆ నడుముతో నువ్వెక్కడ పడుకుంటావు? కళ్లు మూసుకో కాసేపు, నేను నడుపుతాను."

ఆ సీట్లో టీచరమ్మ పందొమ్మిదేళ్లలో ఒక్కసారి కూడా కళ్లు మూసుకోలేదు. కుడికాలు ఎప్పుడూ తన పక్క బ్రేకు మీదే ఉండేది, ఎవరు ఎప్పుడు ఎవరి మీదికి పోనిస్తారో తెలియదు కాబట్టి. ఇప్పుడు కూడా అలవాటుగా అక్కడికే పోయింది. నాలుగు వీధులు దాటాక ఆ కాలు తనంతట తానే జారి కింద పడింది.

ఒకసారి మెలకువ వచ్చి చూస్తే తమ ఇల్లు కిటికీలోంచి నిదానంగా వెనక్కి పోతోంది. గేటు దగ్గర అక్క ఆపలేదు. చివరిదాకా వెళ్లి ఎడమకి తిరిగింది. ఇంకాసేపటికి మళ్లీ మెలకువ వచ్చింది. అదే ఇల్లు, అదే గేటు, మళ్లీ వెనక్కి పోయింది. అక్క కళ్లు రోడ్డు మీదే ఉన్నాయి. ఇంజను ఆపితే చెల్లెలు మేలుకుంటుందని ఇలా చుట్లు తిరుగుతోందని టీచరమ్మకి అర్థమైంది. లేచానని చెప్పకుండా కళ్లు మళ్లీ మూసుకుంది.